ఎవరూ నిద్ర లేపని కాలేజీ

పోయిన వారం రాత్రి పదకొండున్నరకి మా బాబాయ్ కొడుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "అన్నా, బిట్‌శాట్‌లో స్కోర్ బాగానే వచ్చింది. పిలానీ ఎలా ఉంటది? ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలోనట! నాలుగేళ్లు ఉన్న ఊరు. అన్నం కోసం మొహం వాచిపోయి చపాతీలతో రాజీపడ్డ ఊరు. జనవరిలో నల్లా నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయే ఊరు. "బాగుంటది" అని టైప్ చేశా. డిలీట్ చేశా. "నీ ఇష్టం" అని టైప్ చేశా. అదీ డిలీట్ చేశా. అవతల వాడికి 'టైపింగ్' అని కనబడుతూనే ఉంది పాపం.

ఆఖరికి ఓ పని చేశా. మా వింగ్ గ్రూపులో అదే ప్రశ్న పడేశా. వింగ్ అంటే తెలియనివాళ్ల కోసం: హాస్టల్లో ఒకే వరసలో ఉండే గదులు. అక్కడ ఉన్నవాళ్లంతా వింగీలు. పెళ్లిళ్లకి, పిల్లల అన్నప్రాసనలకి తప్ప మోగని ఆ గ్రూపు ఆ రాత్రి రెండింటిదాకా మోగింది. మా బ్యాచ్ తెలుగు అమ్మాయిలకి కూడా ఫార్వర్డ్ చేస్తే వాళ్లూ దిగారు. ఏ ఇద్దరి జవాబూ ఒకటి కాదు. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నా. చివర్లో నాది కూడా ఒకటి చెప్పాలి. అది కొంచెం కష్టం.

ముందు ఊరి సంగతి. పిలానీ రాజస్థాన్‌లో, ఝున్‌ఝునూ జిల్లాలో ఉంది. ఢిల్లీ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. బిర్లాల సొంతూరు. 1901లో అక్కడో చిన్న పాఠశాల పెట్టారు. అది పెరిగి పెరిగి, 1964 నాటికి బిట్స్ అయింది. గోవాలో 2004లో, మన శామీర్‌పేట దగ్గర 2008లో క్యాంపస్‌లు వచ్చాయి. మూడింటికీ పరీక్ష ఒకటే, బిట్‌శాట్. ఈ పరీక్ష 2005లో వచ్చింది. అంతకుముందు ఇంటర్ మార్కులతోనే సీటు ఇచ్చేవాళ్లు. ఇంటర్ మార్కులంటే మనవాళ్లు ఊరుకుంటారా? ఆ రోజుల్లో అక్కడ తెలుగు వినబడని హాస్టల్ ఉండేది కాదని సీనియర్లు చెప్పేవారు. మనం "లైట్ తీస్కో" అంటామా, అక్కడ హర్యానా కుర్రాడు కూడా "లైట్ లే యార్" అంటాడు. ఆ 'లైట్' ఎవరి సొత్తు అనే దాని మీద మా వింగ్‌లో పెద్ద గొడవ. మనదే అని ఇప్పటికీ నా వాదన.

సరే, జవాబుల్లోకి వద్దాం.

మొదటి జవాబు మా పక్క గది నెల్లూరు వాడిది. "రేయ్, నా జీవితంలో మొదటిసారి నన్ను పెద్దమనిషిలా చూసిన చోటు అది. వెళ్లమను."

వాడు ఎందుకలా అన్నాడో మీలో సగం మందికి చెప్పక్కర్లేదు. ఇంటర్‌లో మేమిద్దరం చదివింది వేర్వేరు ఊళ్లలో అయినా, ఒకేలాంటి రెసిడెన్షియల్ కాలేజీల్లో. పొద్దున అయిదింటికి వార్డెన్ తలుపులు బాదుతూ వస్తాడు. స్టడీ అవర్, క్లాసు, స్టడీ అవర్, టిఫిను, మళ్లీ క్లాసు. ఫోన్ ఉండదు. ఆదివారం పరీక్ష. రెండేళ్లపాటు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ లెక్క చెయ్యాలో అన్నీ ఇంకొకరు చెప్పారు. అక్కడి నుంచి నేరుగా పిలానీలో దిగుతాం. అక్కడ అటెండెన్స్ తప్పనిసరి కాదు. 75 శాతం లేదు, కండోనేషన్ ఫీజు లేదు, మెడికల్ సర్టిఫికెట్ల నాటకం లేదు. క్లాసుకి వస్తే రా, రాకపోతే నీ ఖర్మ. టైమ్‌టేబుల్ కూడా చాలావరకు మనమే కుట్టుకోవాలి. ఏ కోర్సు ఏ సెక్షన్‌లో తీసుకోవాలో రిజిస్ట్రేషన్ రోజున మనమే పెట్టుకుంటాం.

నెల్లూరు వాడు ఆ ఖాళీ టైమ్‌లో కోడింగ్ పట్టుకున్నాడు. రాత్రంతా మేలుకుని ఏదో ఒకటి తయారుచేసేవాడు. పొద్దున్నే క్లాసుకి పోకుండా నిద్రపోయేవాడు. పరీక్షకి వారం ముందు పుస్తకం తెరిచి గట్టెక్కేవాడు. ఇవాళ బెంగళూరులో సొంత కంపెనీ. వాడి దృష్టిలో అటెండెన్స్ లేకపోవడమే ఆ కాలేజీ ఇచ్చిన అసలు డిగ్రీ.

రెండో జవాబు కరీంనగర్ అమ్మాయిది. ఆమె ఒక్క క్లాసు మానేది కాదు. అలాంటివాళ్లని అక్కడ 'ఘోట్' అంటారు, మన భాషలో పుస్తకాల పురుగు. "అటెండెన్స్ లేదు కాబట్టే క్లాసుకి వెళ్లాలనిపించేది" అని రాసింది. "ఇంటర్‌లో బోర్డు మీద రాసింది కాపీ చేసుడే. ప్రశ్న అడిగితే సిలబస్ ఆగిపోతదని కోప్పడేటోళ్లు. ఇక్కడ క్లాసులో ఉన్నదే ఇరవై మంది. వినాలనుకున్నోళ్లే వచ్చిండ్రు. నేను ప్రశ్నలు అడగడం అక్కడ్నే నేర్చుకున్న. ఇంకోటి, రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్‌కి ఒక్కదాన్నే నడిచి వచ్చేదాన్ని. మా ఊర్లో ఏడు దాటితే మా నాన్న గేటు దగ్గర నిలబడేటోడు. ఆ నడక కోసమైనా నేను మళ్లీ అక్కడే చేరుత." ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది.

మూడోది వైజాగ్ వాడు. వాడి మెసేజ్‌లో తియ్యదనం లేదు. "మీ తమ్ముడికి బ్రాంచ్ ఏమొస్తుందో ముందు అడుగు. ఎమ్మెస్సీలో చేరి, డ్యూయల్‌లో సీఎస్ కొట్టేద్దాం అనుకుంటే మాత్రం నాతో మాట్లాడమను."

ఇది కొంచెం వివరించాలి. స్కోర్ తక్కువైతే అక్కడ ఎమ్మెస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఎకనామిక్స్ లాంటివాటిలో సీటు వస్తుంది. మొదటి ఏడాది చివర్లో వచ్చిన సీజీపీఏని బట్టి దానికి తోడుగా ఇంజనీరింగ్ బ్రాంచ్ ఇస్తారు. మొత్తం అయిదేళ్లు, రెండు డిగ్రీలు. వినడానికి బంపర్ ఆఫర్‌లా ఉంటుంది. కానీ మార్కులు అక్కడ రిలేటివ్. నీకెంత వచ్చిందన్నది కాదు, పక్కవాడితో పోలిస్తే ఎంత అన్నది లెక్క. అందరూ టాపర్లే అయిన చోట సగం మంది సగటు కింద ఉండక తప్పదు కదా. "ఫస్టియర్ అంటే నాకు గుర్తున్నది రెండో ఎంసెట్. మీరందరూ క్రికెట్ ఆడుతుంటే కిటికీలోంచి చూసేవాణ్ని" అన్నాడు. మాకు ఆ సంగతి ఇన్నాళ్లూ తెలీదు. వాడికి క్రికెట్ ఇష్టం లేదనుకున్నాం.

ఇక డబ్బు. దీని మీద గ్రూపు రెండుగా చీలింది.

అక్కడ ఇప్పుడు ఒక్క ట్యూషన్ ఫీజే నాలుగేళ్లకి 20 లక్షలు దాటుతోంది. హాస్టల్, మెస్, ప్రయాణాలు వేరే. "ప్లేస్‌మెంట్‌లో వచ్చేస్తుంది లేరా" అన్నాడొకడు. వాళ్ల నాన్నకి రెండు రైస్ మిల్లులు ఉన్నాయి. అనంతపురం వాడు దానికి వెంటనే బదులిచ్చాడు. "వచ్చేదాకా అప్పు నిద్రపోదు. నీకు తెలీదు."

వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. సెకండియర్‌లో వింగ్ మొత్తం గోవా వెళ్లినప్పుడు వాడికి జ్వరమొచ్చింది. ఒయాసిస్ పండగ రోజుల్లో అందరూ బయట తిని తిరుగుతుంటే వాడికి కడుపు బాగోలేదు. ఒయాసిస్ అంటే అక్కడి కల్చరల్ ఫెస్ట్, 1971 నుంచి జరుగుతోంది. నాలుగు రోజులు ఎవరూ నిద్రపోరు. పదేళ్ల తర్వాత ఆ రాత్రి గ్రూపులో రాశాడు: "ఆ జ్వరాలేవీ నిజం కాదురా. డబ్బుల్లేవు." కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. రైస్ మిల్లుల వాడు "చెప్పొచ్చు కదరా" అన్నాడు. వాడు "ఎలా చెప్తార్రా" అన్నాడు. నిజమే, ఎలా చెప్తాం?

కానీ వాడే ఒక పనికొచ్చే మాట చెప్పాడు. ఇంటి ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకి అక్కడ మెరిట్ కమ్ నీడ్ స్కాలర్‌షిప్ ఉంది. ఫీజులో కొంత శాతం తగ్గిస్తారు. మార్కులు నిలబెట్టుకోవాలి, ఇంటి ఆదాయం కాగితాలు పెట్టాలి. "సిగ్గుపడి మొదటి సెమిస్టర్ అప్లై చెయ్యలేదు. ఆ సిగ్గు ఖరీదు మా నాన్న కట్టాడు. మీ తమ్ముణ్ని సిగ్గుపడొద్దని చెప్పు."

అర్ధరాత్రి దాటాక అసలు గొడవ మొదలైంది. ఒకడు రాశాడు: "అక్కడ మేనేజ్‌మెంట్ కోటా లేదు, డొనేషన్ లేదు, రిజర్వేషన్ లేదు. స్కోర్ ఒక్కటే. దేశంలో ఇంత నిజాయితీగల అడ్మిషన్ ఇంకోటి చూపించండి." పది లైకులు పడ్డాయి. మా వింగ్‌లో ఎప్పుడూ తక్కువ మాట్లాడే ఖమ్మం వాడు అప్పుడొచ్చాడు. "ఆ స్కోర్ వెనక రెండేళ్ల కోచింగ్ ఫీజు ఉంది. అది కట్టగలిగినోళ్లలోనే పోటీ పెట్టి నిజాయితీ అంటే ఎట్ల? మన వింగ్‌లో గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో చదివినోడు ఎవడన్నా ఉన్నాడా, గుర్తు చేసుకోండి."

గుర్తు చేసుకున్నాం. పద్నాలుగు గదులు. ఒక్కడూ లేడు.

'టైపింగ్' అని పైన కనబడటం, ఆగిపోవడం, మళ్లీ కనబడటం. నా వరకు ఇద్దరి మాటా నిజమే. లోపలికి వెళ్లే తలుపు దగ్గర పైరవీ లేదు. ఆ తలుపు దాకా వచ్చే దారికి మాత్రం టోల్ గేట్ ఉంది. అక్కడ నాలుగేళ్లు ఉండి, ఆ గేటు కట్టినవాళ్లు ఎవరు, వెనక్కి తిరిగిపోయినవాళ్లు ఎవరు అని ఒక్కసారైనా ఆలోచించకపోతే, మనం ఎంత గొప్ప కాలేజీలో చదివినా ఒక సబ్జెక్టు మిగిలిపోయినట్టే.

ఇంత తిట్టుకున్నా అందరూ ఒప్పుకున్నది ఒక్కటుంది. ప్రాక్టీస్ స్కూల్. 1973 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. సెకండియర్ అయ్యాక వేసవిలో రెండు నెలలు, చివర్లో ఇంకో సెమిస్టర్ మొత్తం ఏదో ఒక కంపెనీలో, ల్యాబ్‌లో, ఫ్యాక్టరీలో పనిచెయ్యాలి. దానికి మార్కులుంటాయి. నాకు మొదటిసారి సిమెంట్ ఫ్యాక్టరీ పడింది. మే నెల ఎండ, కిల్న్ పక్కన నిలబడటం. పుస్తకంలో హీట్ ట్రాన్స్‌ఫర్ నాలుగు ఈక్వేషన్లు. అక్కడ అది ముఖం మీద తగిలింది. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఫోర్‌మన్ మంట రంగు చూసి లోపల ఏం తేడా ఉందో చెప్పేవాడు. అప్పటిదాకా తెలివంటే ర్యాంకు అనుకునేవాణ్ని.

ఇప్పుడు నా జవాబు.

మర్నాడు పొద్దున్నే మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఊరి బయట అర ఎకరం ఉందిగా. అడుగుతున్నవాళ్లున్నారు. ఇచ్చేద్దామనుకుంటున్నా. మన ఇంట్లో అక్కడ చదివింది నువ్వొక్కడివే. నీ మాట మీదే ఉంది."

నా మాట మీద అర ఎకరం. మా ఇంట్లో నేను 'పిలానీలో చదివినవాడు'. చుట్టాల ఫంక్షన్లలో నన్ను పిల్లలకి చూపించి "అన్నలా చదవాలి" అంటారు. నేను నవ్వి పప్పన్నం కలుపుకుంటా. ఆ నవ్వు వెనక పదేళ్లకి పైగా దాచిన సంగతొకటి ఉంది.

ఫస్టియర్‌లో పొద్దున ఎనిమిదింటికి మ్యాథ్స్ క్లాసు ఉండేది. మొదటి రెండు వారాలు వెళ్లా. మూడో వారం చలి. తలుపు బాదే వార్డెన్ లేడు. "రేపు వెళ్దాంలే" అనుకున్నా. నాకెప్పుడూ నా అంతట నేను లేవడం రాదని పద్దెనిమిదేళ్లొచ్చాక తెలిసింది. ఇంట్లో అమ్మ లేపేది, ఇంటర్‌లో వార్డెన్ లేపాడు. లేపేవాళ్లు లేకపోతే లేవనివాడికి స్వేచ్ఛ ఇస్తే వాడు చేసేది ఒక్కటే, పడుకోవడం. క్లాసులు, ట్యుటోరియళ్లు పోయాయి. చివరి పరీక్షకి, అదే కాంప్రీకి, ముందు మూడు రాత్రులు మేలుకుని కూడా పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. రిజల్ట్ వచ్చింది. ఎన్‌సీ. నాట్ క్లియర్డ్. అక్కడ ఫెయిల్ అనరు, పేరు మర్యాదగా పెట్టారు. మళ్లీ రిజిస్టర్ చేసుకుని ఆ కోర్సు మళ్లీ చదవాలి.

ఇందులో కాలేజీ తప్పేమీ లేదు. అది చెప్పినట్టే చేసింది, నన్ను నాకు వదిలేసింది. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి "ఎలా వచ్చాయిరా మార్కులు?" అని అడిగితే "అన్నీ పాసయ్యా నాన్నా" అన్నా. ఆయన అప్పటికే నా లోన్‌కి సంతకం పెట్టి ఉన్నాడు. ఎడ్యుకేషన్ లోన్‌లో కోర్సు అయ్యేదాకా ఈఎంఐ కట్టక్కర్లేదంటారు కానీ, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. నేను నిద్రపోయిన ప్రతి ఎనిమిది గంటల క్లాసుకీ అక్కడ వడ్డీ పడుతూనే ఉంది.

ఇదంతా బాబాయ్‌కి చెప్పేశా. అర ఎకరం అమ్మబోయే మనిషికి 'బాగుంటది' అని అబద్ధం ఎలా చెప్పను? అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత అడిగాడు: "ఈ సంగతి అన్నయ్యకి తెలుసా?"

"లేదు బాబాయ్."

"నాకు చెప్పావుగా. ముందు నాన్నకి చెప్పు. పొలం సంగతి తర్వాత చూద్దాం."

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశా. ముప్పై దాటినవాణ్ని, ఈఎంఐలు అన్నీ తీరిపోయాయి, అయినా చేతులు వణికాయి. చెప్పా. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఒక్కటేనా, ఇంకేమన్నా ఉన్నాయా?" అన్నాడు.

"ఒక్కటే నాన్నా."

"సరే. అప్పుడే చెప్పి ఉంటే సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు అన్నం సరిగ్గా తినేవాడివి కదరా. మీ అమ్మ నీకు పచ్చకామెర్లేమో అని ఎంత కంగారుపడిందో."

దీని మీద నేనేమీ రాయలేను. వదిలేద్దాం.

తమ్ముడికి ఆ రాత్రి పెద్ద మెసేజ్ పెట్టా. పిలానీ మంచిదా కాదా అని కాదు. ఆ కాలేజీ ఒక ఖాళీ టైమ్‌టేబుల్ చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది. నెల్లూరు వాడు అందులో కంపెనీ పెట్టుకున్నాడు, కరీంనగర్ అమ్మాయి ప్రశ్నలు రాసుకుంది, నేను పడుకున్నా. కాబట్టి ముందు నువ్వెవరో చూసుకో అన్నా. పది రోజులు ఇంట్లో ఎవరూ లేపకుండా, సొంతంగా పొద్దున ఏడింటికి లేచి, ఎవరూ అడగని పుస్తకం ఒక గంట చదువు. కుదిరితే చూద్దాం. ఎమ్మెస్సీ వస్తే, ఇంజనీరింగ్ బ్రాంచ్ రాకపోయినా ఆ సబ్జెక్టు నాలుగేళ్లు చదవగలవా అని అడుగు నిన్ను నువ్వు. స్కాలర్‌షిప్ ఫారం మొదటి సెమిస్టర్‌లోనే పెట్టు. బాబాయ్ పొలం అమ్మేముందు బ్యాంకులో లోన్ గురించి అడుగుదాం, నేనూ వస్తా. ఎప్పుడైనా ఒక సబ్జెక్టు పోతే, ఆ రాత్రే నాన్నకి చెప్పు. పదేళ్లు మొయ్యకు, బరువు.

చాలాసేపు 'టైపింగ్' అని కనబడింది. ఈసారి వాడి వంతు.

"అన్నా, అమ్మకి లేపొద్దని చెప్పా" అని వచ్చింది.

ఇవాళ్టికి ఆరో రోజు. రెండో రోజు పదింటికి లేచాడట. ఆ సంగతి దాచకుండా ఆ రోజే చెప్పాడు. నాకంటే ముందున్నాడు.